నలుగురి చేతుల్లో ఒకే సొనాటా

మా ఆవిడ ఉదయశ్రీ ఒకే సంగీతాన్ని నలుగురు వాయించిన రికార్డింగుల్లో వింటుంది. బీథోవెన్ అనే జర్మనీ ఆయన పియానో కోసం రాసిన ఆఖరి సొనాటా అది. నలుగురూ వాయించేది అవే స్వరాలు. అలాంటప్పుడు నాలుగు రికార్డింగులు దేనికని పెళ్ళయిన కొత్తలోనే అడిగాను. "మీ యార్డులో ఉన్నవన్నీ మిరపకాయలే కదండీ, మరి గ్రేడులు దేనికి?" అంది.

నాది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. పేరు కరుణాకర్. పేరులో కరుణ ఉందిగానీ కోపం ముక్కు మీదే ఉంటుంది. పొద్దున్నుంచి టిక్కీల, అంటే మిర్చి బస్తాల మధ్య నిలబడి అరవడమే పని కాబట్టి ఇంట్లో మంచినీళ్ళు అడిగినా వేలం పాటలా ఉంటుందని వీధిలో అందరూ అంటారు. అంత గొంతు పెట్టుకుని కూడా, ఈ మధ్య నా భార్యకు ఒక్క మాట చేర్చలేకపోయాను.

ఉదయకు ఎడమ చెవి చిన్నప్పుడే జ్వరంలో పోయింది. ఉన్న ఒక్క కుడి చెవితోనే చర్చిలో పియానో నేర్చుకుంది, స్కూల్లో ముప్పై ఏళ్ళు పిల్లలకు సంగీతం చెప్పింది, నా అరుపులు భరించింది. యాభై దాటాక ఆ చెవి కూడా తగ్గుతూ వచ్చింది. మిషన్ పెట్టుకుని సౌండు పెంచితే పియానో అందేది, పై స్వరాలు కొంచెం చెదిరినా. మాటలే అందేవి కావు. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. అడిగి అడిగి మొహమాటమేసి, ఎవరేం చెప్పినా నవ్వి తలూపడం అలవాటు చేసుకుంది.

ఆ తలూపడమే ఒకరోజు కొంప ముంచింది. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారి భార్య దగ్గరికొచ్చి, కొత్తపట్నంలో వాళ్ళమ్మ పోయిందని చెప్పింది. ఉదయ నవ్వుతూ ఆవిడ చెయ్యి పట్టుకుని, "మంచిదండి, చాలా సంతోషం" అంది. ఆవిడ మొహం చూశాక ఏదో తప్పు జరిగిందని అర్థమై నా వైపు చూసింది. ఫోన్లో టైపు చేసి చూపించాను. ఇంటికొచ్చేదాకా కొంగుతో మొహం కప్పుకునే ఉంది. మర్నాడు తనే తయారై, చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమంది.

డాక్టరు సిద్దికా గారు మంచి మనిషి. ఉదయకు తెలియాలని ప్రతి ముక్కా కాగితం మీద రాస్తూ నాకు పైకి చెప్పారు. "కుడి చెవి లోపల చిన్న పరికరం పెడతామండి. కొన్నాళ్ళు సాధన చేస్తే మాటలు బాగా తెలుస్తాయి. కాకపోతే ఇప్పుడు సహజంగా మిగిలిన వినికిడి పోయే అవకాశం ఎక్కువ. సంగీతం ఇప్పుడు విన్నట్టు వినిపించదు. తర్వాత ఎంత వస్తుందో నేను మాటివ్వలేను."

ఉదయ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. "పెట్టండి" అంది. నన్నొక మాట అడగొచ్చు కదా అని నాకు ఒళ్ళు మండింది. దారిలో ఆటో ఆపించి, "ఆలోచించుకో" అని టైపు చేసి చూపించాను. "అమ్మ పోయినావిడకి సంతోషం అని చెప్పి బతకలేనండి" అంది.

ఆపరేషన్‌కు నెల గడువిచ్చారు. ఆ సాయంత్రం నుంచే కొత్త నియమం పెట్టింది. యార్డు నుంచి రాగానే మిర్చి ఘాటు పోయేలా స్నానం చేసి, తన పక్కన కూర్చుని సొనాటా వినాలి. పెద్ద స్పీకర్లకు తన చెవిని దాదాపు ఆనించి తను కూర్చునేది. ఆఖరుసారి ఎవరి రికార్డింగు వినాలో తేల్చుకుంటోందని నేననుకున్నాను. పోయే ముందు ఒకదాన్ని ఎంచుకుంటుంది, పాపం, తోడుగా కూర్చుంటే నా సొమ్మేం పోయింది అనుకున్నాను.

తోడుంటే చాలదట. వినాలట.

సొనాటాలో రెండే భాగాలు. మొదటిది పెద్ద పోట్లాట, అది నాకు వెంటనే నచ్చింది. రెండోది ఒక చిన్న నెమ్మది పాటతో మొదలవుతుంది. తర్వాత ఆ పాటనే తిప్పి తిప్పి వాయిస్తారు. ఒకచోట గంతులేస్తుంది. ఒకచోట కుడిచేతి స్వరాలు పైకి పైకి పోయి వణుకుతూ నిలబడతాయి. ఆ తర్వాత పాట మళ్ళీ కిందికి దిగి వస్తుంది. మొదటి వారం అది దిగి వచ్చేలోపే నేను గురక పెట్టేవాణ్ణి. మోచేత్తో ఒక్క పోటు పొడిచేది.

"పోట్లాట అయిపోయాక, పాట మొదలెట్టే ముందు ఎంతసేపు ఆగాడో చూడండి" అనేది. "ఈ నలుగురిలో రష్యా ఆయన అస్సలు ఆగడు. బస్సు పోతుందేమో అన్నట్టు అందుకుంటాడు. ముసలాయన చూడండి, ఎంతసేపు ఆగుతాడో. పోట్లాట చల్లారాలి కదా మరి."

ముసలాయన అంటే ఎనభై దాటాక జనం ముందు వాయించిన ఆయన. మధ్యలో ఎవరో దగ్గుతారు కూడా. రెండు చోట్ల వేళ్ళు తప్పాయి. అది నేను పట్టుకుని, పరీక్ష పాసైనవాడిలా ఫోన్లో "తాలు" అని కొట్టి చూపించాను. మా యార్డులో రంగు పోయి తెల్లబడ్డ కాయను తాలు అంటాం. ఉదయ చదివి పగలబడి నవ్వింది. ఆ నవ్వు చూసి చాలా రోజులైంది. "కాయ తాలుదే, ఘాటు చూడండి" అంటూ అక్కడే మళ్ళీ పెట్టింది.

ఆ రోజు నుంచి మాకు మా మాటలే ఏర్పడ్డాయి. మూడో ఆయన లెక్కల మాస్టారు. ఒక్క స్వరం గీత దాటదు, తడి మాత్రం తక్కువ. నాలుగో ఆయన చేతికి బరువెక్కువ, కింది స్వరాలు టిక్కీలు దించినట్టు దించుతాడు. రానురాను నాకు తేడాలు తెలిసొచ్చాయి. పై స్వరాలు వణికే చోట రష్యా ఆయనవి విడివిడిగా మెరుస్తాయి, ముసలాయనవి ఒకదానిలో ఒకటి కలిసి పోతాయి. యార్డులో బేరం మధ్యలో ఇది గుర్తొచ్చి నిలబడిపోతే, "ఏంటి సార్, రేటు చెప్పరా?" అని మా గుమాస్తా పానకాలు గదమాయించాడు. నాలుక కరుచుకున్నాను.

ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం అడిగాను, మళ్ళీ ఫోన్లోనే. "ఎవరిది వింటావు? తేల్చుకున్నావా?"

ఉదయ చదివి నా వైపు వింతగా చూసింది. "తేల్చుకోడానికి అనుకున్నారా ఇన్నాళ్ళూ? నాకు నలుగురూ కంఠతా వచ్చండీ. కళ్ళు మూసుకుంటే వినిపిస్తారు. ఇది మీకు నేర్పుదామని."

"నాకెందుకు?" అని టైపు చేశాను.

"ఆపరేషన్ అయ్యాక నాకు మాటలు తెలుస్తాయి, ఇది పోతుంది. అప్పుడు మీరు విని నాకు చెప్పాలి."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. మిరపకాయలు అమ్ముకునేవాడి మీద ఎంత భారం పెట్టింది. ఫోన్ పక్కన పడేసి, నా వల్ల కాదని అరిచాను. ఆమెకు మాట తెలియకపోయినా మొహం తెలిసింది. వరండాలోకి వెళ్ళి కూర్చున్నాను. అది కోపం కాదు, భయం. ఆమెకు అంత ఇష్టమైనది నా చేతుల్లో పాడైపోతుందని భయం. లోపల ముసలాయన వాయిస్తున్నాడు. పోట్లాట అయిపోయింది. ఆయన ఆగాడు. ఆ ఆగిన చోట నాకు ఏడుపొచ్చింది. వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. చివరిదాకా ఇద్దరం కదల్లేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. కుట్లు మానాక, సిద్దికా గారు బయటి మిషన్ తగిలించి ఆన్ చేసి, "మాట్లాడండి కరుణాకర్ గారూ" అన్నారు. "ఉదయా, టీ తాగుతావా?" అన్నాను.

"బాతు అరిచినట్టుంది" అంది ఉదయ. తర్వాత, "తాగుతాను" అంది.

రోజులు గడిచేకొద్దీ బాతు మనిషయింది. ఫోన్లో టైపు చేసే పని తప్పింది. పాస్టరు గారి భార్య ఇంటికి తనంతట తను వెళ్ళి, వాళ్ళమ్మ సంగతులన్నీ కూర్చుని వినొచ్చింది. నేను గొంతు తగ్గించడం నేర్చుకున్నాను. వీధిలో అందరూ నాకు ఒంట్లో బాగోలేదనుకున్నారు.

పియానో జోలికి మాత్రం ఇద్దరం పోలేదు. ఒక సాయంత్రం తనే ధైర్యం చేసి ముసలాయన రికార్డింగు పెట్టింది. కాసేపటికే ఆపేసింది. "రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుందండి. ఆయనెవరో, లెక్కల మాస్టారు ఎవరో తెలియట్లేదు." నెమ్మదిగా కొంత రావచ్చని ఈ మధ్య సిద్దికా గారన్న మాట గుర్తు చేశాను. తలూపింది. పాత తలూపడమే. ఆ రోజూ మర్నాడూ పొడి మాటలే. కంఠతా వచ్చని చెప్పింది కదా, మరి కళ్ళు మూసుకుని వినొచ్చు కదా అనుకున్నాను. తర్వాత నాకే తట్టింది. గులకరాళ్ళు విన్నాక లోపలున్నది కూడా చెదిరిపోతుందేమో అని ఆమె భయం.

చెప్పాల్సినవాణ్ణి నేనే. కానీ ఏం చెప్పాలి? ముసలాయన గురించి చెబితే ఆమెకు తెలిసిందే తిరిగి ఆమెకు అప్పజెప్పడం. అందులో నేను తెచ్చిందేముంది? మర్నాటి నుంచి యార్డులో భోజనాల వేళ ఫోన్ చెవికి తగిలించుకుని అదే సొనాటా వెతికాను. ప్రపంచంలో ఇంతమంది వాయించారని నాకు తెలియదు. కొందరిని మొదటి పోట్లాటలోనే పక్కన పెట్టాను. కొందరు మన నలుగురిలో ఎవరో ఒకరిలాగే ఉన్నారు. పానకాలు వచ్చి, "ఎవరితో సార్ అంతసేపు, మీరేం మాట్లాడట్లేదు?" అన్నాడు. "వినేపనిలో ఉన్నా, పోవోయ్" అన్నాను. చివరికి ఒకావిడ దొరికింది. పేరు పలకలేను, ఏ దేశమో తెలియదు. ఆవిడ వాయిస్తుంటే అన్నం డబ్బా మూత తియ్యడం మర్చిపోయాను.

శనివారం సాయంత్రం స్నానం చేసి వచ్చి, ఉదయకు ఎదురుగా కుర్చీ వేసుకుని, ఇయర్‌ఫోన్ నేను పెట్టుకున్నాను. తనకు గులకరాళ్ళు వినపడకూడదని.

"ఏం చేస్తున్నారు?" అంది.

"చెబుతా, విను. పోట్లాట అయిపోతోంది. చివర్లో అలిసిపోయి కూర్చున్నట్టు అయిపోయింది. ఇప్పుడు ఆగింది."

ఉదయ నవ్వలేదు, వద్దనలేదు. కళ్ళు మూసుకుంది. "ముసలాయనా?"

"విను ముందు. మొదలైంది. చాలా చిన్నగా. పక్కగదిలో ఎవరో పడుకుంటే వాళ్ళు లేవకుండా వాయిస్తున్నట్టు. ఎడమచెయ్యి బరువే లేదు. అయినా కింద నేలుందని తెలుస్తోంది."

"అయితే ముసలాయన కాదు" అంది. "ఆయన ఎడమచెయ్యి కొంచెం ఈడుస్తాడు. లెక్కల మాస్టారికి ఇంత మెత్తదనం లేదు." కనుబొమలు ముడిపడ్డాయి. "గంతులేసే చోటు వచ్చిందా? పరుగెడుతున్నాడా?"

"లేదు. గంతులేస్తోందిగానీ ఆయాసం లేదు. నవ్వుకుంటూ దిగుతోంది, మెట్లు దిగే పిల్లలా."

ఉదయ కళ్ళు తెరిచింది. "ఎవరండీ ఇది? ఇలా ఎవరూ వాయించగా నేను వినలేదు."

"నేను వెతికాను. ఒకావిడ. మన దగ్గర లేదు."

ఆమె మొహంలో ఏమొచ్చిందో నాకు చెప్పడం రాదు. తొలిసారి వాళ్ళ చర్చిలో ఆమె పియానో వాయిస్తుంటే చూశానే, ఆ మొహం. మళ్ళీ కళ్ళు మూసుకుని కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఊఁ, చెప్పండి."

"పైకి పోతోంది. ఇంకా పైకి. అక్కడ వణుకుతోంది. రష్యా ఆయనలా మెరవట్లేదు, ముసలాయనలా కలిసిపోవట్లేదు. సన్నగా, ఊపిరి తీస్తున్నట్టు. చాలాసేపు అలాగే ఉంచింది. ఇప్పుడు కింద పాట..."

ఇంత గొంతున్న మనిషిని, అక్కడే ఆగిపోయాను. ఉదయ చెయ్యి చాపి నా మోకాలి మీద వేసింది.

"ఆవిడ ఆగిందా, మీరు ఆగారా?"

"నేనే ఆగాను" అన్నాను. "ఆవిడ వాయిస్తూనే ఉంది."

"అయితే చెప్పండి."

చెప్పాను.