మహర్నవమి నాడు ఖాళీ అయిన వంటగది

హేమావతి పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లో మట్టి జల్లించడం నేర్పుతోందని పక్కింటి నరసమ్మ పాలకేంద్రం దగ్గర నలుగురిలో అన్నదట. అంతటితో ఊరుకోలేదట. "బడే లేని పిల్లోళ్లకు దసరా సెలవులేంది? వాళ్లకు ఏడాదంతా సెలవులే గదా" అని నవ్విందట. పాలు పోసి వచ్చిన హేమావతి మొగుడు రంగయ్య ఈ మాటను ఖాళీ క్యానుతో పాటు ఇంటికి మోసుకొచ్చాడు. హేమావతి చేతిలో ఉన్న జల్లెడను తిరగేసి, అంచుమీద రెండు తట్లు తట్టి, అంటుకున్న మట్టిని దులిపింది. ఆ జల్లెడ నేనే.

నేను ఒక నూనెడబ్బా రేకుకు పుట్టాను. కదిరి సంతవీధిలో రేకుపని చేసే ఒకాయన ఆ డబ్బాను చీల్చి, గుండ్రంగా వంచి, అడుగున ఇత్తడి వల బిగించి నాకు ఈ రూపం ఇచ్చాడు. నూనె కంపెనీవాళ్ల పొద్దుతిరుగుడు పువ్వు నా లోపలి వైపున సగం ఇప్పటికీ కనబడుతుంది. మొదట నన్ను కొన్నది పెళ్లిళ్ల వంటమేస్త్రీ. ఆయన దగ్గర మైదా, శనగపిండి, రవ్వ బస్తాలకు బస్తాలు నాలోంచి దిగాయి. పిండిలో పురుగుంటే నా దగ్గర ఆగాల్సిందే. పెళ్లికొడుకుల్ని మాత్రం ఎవరూ నా దాకా తేలేదు. వాళ్ల పొలం చూసి, ఉద్యోగం చూసి, అలాగే పందిట్లోకి పంపేసేవాళ్లు. మనుషులు పిండిని జల్లించినంత శ్రద్ధగా ఇంకేదీ జల్లించరని నాకు ఆ వంటశాలల్లోనే అర్థమైంది.

వల ఒకచోట సడలగానే మేస్త్రీ నన్ను పాత సామాన్ల బండిలో పడేశాడు. హేమావతి నన్ను ఆ బండి మీద చూసి, ఎండకు ఎత్తిపట్టి, నేలమీద పడిన చుక్కల నీడను చూసి ముచ్చటపడి తెచ్చుకుంది. నన్ను పిండి కోసం కాకుండా నీడ కోసం తీసుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

హేమావతి డిగ్రీ చదివింది. రంగయ్య బోరు మోటార్లకు తీగ చుట్టే పని చేస్తాడు. పెద్దపిల్ల మంజుల, తర్వాత కేశు. మంజుల మొదట ఊళ్లో బడికే వెళ్లింది. రంగయ్య అన్న ఆదిశేషయ్య అప్పుడు ఆ బడికి హెడ్మాస్టరు, లెక్కలు చెప్పేవాడు. బడి నుంచి వచ్చాక పిల్ల మాట తగ్గిపోయింది. ముందు ప్రశ్నలు మానింది, తర్వాత కబుర్లు మానింది, చివరకు అన్నం కావాలంటే కంచం చూపించే దాకా వచ్చింది. హేమావతి ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు. తర్వాతి జూన్‌లో పంపలేదు, అంతే.

మాట ఎలా తిరిగొచ్చిందో నేను దగ్గరుండి చూశాను. తల్లి ముగ్గుపిండి జల్లిస్తుంటే పిల్ల పక్కన కూర్చుని, పైన మిగిలిన పలుకుల్ని వేలితో కదుపుతూ, ఇవెందుకు దిగలేదు అని అడిగింది. ఏడాది తర్వాత అడిగిన మొదటి ప్రశ్న అది. హేమావతి జవాబు చెప్పకుండా నన్ను పిల్ల చేతికిచ్చింది. ఆ రోజు నుంచి నేను వంటింటి సామాను కాకుండా పోయాను.

ఇక దసరా సెలవులంటే ఆ ఇంట్లో పని రెట్టింపు. వీధిలో పిల్లలకు సెలవులు కాబట్టి అందరూ అక్కడే. నరసమ్మ మనవరాలు అందరికంటే ముందు వచ్చేది, ఆ సంగతి పాలకేంద్రంలో ఎవరూ చెప్పుకోలేదు. బొమ్మలకొలువు కోసం కొన్న బొమ్మ ఒక్కటీ ఉండకూడదని మంజుల షరతు. ఎర్రమట్టిని నాలోంచి మళ్లీ మళ్లీ దించి, నానబెట్టి, పిసికి, ఎద్దులు, బోరుబండి, సంతలో టమాటాలమ్మే ఆమె, మోటారు చుట్టే నాన్న, అన్నీ చేశారు. రంగులకు పసుపు, బొగ్గు, గోంగూర కాయల రసం. కేశు చేసిన ఏనుగుకు తొండం ఊడిపోతే అది పందేనని ఒప్పించడానికి ఒక పూటంతా వాదించాడు.

ఒకరోజు అందరూ బొరుగుల బట్టీకి వెళ్లారు, నన్నూ తీసుకెళ్లారు. కాలిన ఇసుకలో బియ్యం పడగానే పొంగడం, బట్టీ ఆవిడ పెద్ద జల్లెడతో ఇసుకను కిందికి, బొరుగుల్ని పైకి విడదీయడం చూశారు. నా జాతివాళ్లలో అంత ఘనులున్నారని నాకూ అప్పుడే తెలిసింది. ఇంకోరోజు ఏటికి, ఆ మర్నాడు కొండవంకకు. రెండుచోట్లా ఇసుక జల్లించి వేర్వేరు గుడ్డల్లో మూట కట్టుకొచ్చారు. పెళ్లి విందులకు పిండి దించిన నేను, ఈ పిల్లల చేతుల్లో పొందిన గౌరవం ముందు అదేమాత్రమూ కాదంటాను.

అంతలో ఆదిశేషయ్య వచ్చాడు. పదవీ విరమణ చేసినా గొంతులో గంట ఇంకా మోగుతుంది. తిరుపతిలో పేరున్న హాస్టలు బడిలో మంజులకు సీటు మాట్లాడి వచ్చాడు. దశమి మంచిరోజు, ఆ రోజే తనతో తీసుకెళ్తానన్నాడు. రంగయ్య ఏనాడూ అన్న మాటకు ఎదురు చెప్పి ఎరగడు. తల వంచుకున్నాడు. హేమావతి బావగారి ముందే బియ్యం నాలో పోసి ఊరికే ఆడిస్తూ కూర్చుంది. బియ్యం నాలోంచి దిగదని ఆమెకు తెలుసు. మళ్లీ కంచం చూపించే పిల్ల అయిపోతుందేమోనన్నదే ఆమె భయం.

మహర్నవమి నాడు ఆయుధపూజ. ఎవరు దేనితో నేర్చుకుంటారో అవి పూజలో పెట్టండని పిల్లలకు చెప్పి, హేమావతి బూడిదగుమ్మడికాయకూ పూలకూ సంతకు వెళ్లింది. వేరే ఇంట్లో అయితే నాలుగు పుస్తకాలు, ఒక పెన్ను వచ్చేవి. ఇక్కడ నేను వచ్చాను, నా వెనకే గరిటెలు, అప్పడాల కర్ర, దబరలు, పప్పుగుత్తి, తూకపు రాళ్లు, నిచ్చెన, రంగయ్య తీగచుట్టలు వచ్చాయి. గ్యాసుపొయ్యి కదలదు కాబట్టి దానికి ఉన్నచోటే బొట్టు పెట్టారు. కేశు తన రెండు చేతులకూ విభూతి పూసుకుని దేవుడి ముందు చాచి కూర్చున్నాడు.

ఆదిశేషయ్య స్నానం చేసి వచ్చి, సగం కళ్లు మూసుకుని మంత్రం చదువుతూ, అన్నిటికీ తానే కుంకుమ పెట్టి హారతి ఇచ్చాడు. పూజలో పెట్టింది మర్నాడు దీపం పెట్టి కదిపేదాకా ముట్టకూడదని పొద్దున పిల్లలకు గట్టిగా చెప్పిందీ ఆయనే. హేమావతి సంచీతో వచ్చి గడపలోనే నిలబడిపోయింది. వంటింట్లో చెంచా కూడా లేదు.

మధ్యాహ్నం అందరూ ప్రసాదం బొరుగులు, బెల్లం, అరటిపండ్లు తిన్నారు. కేశు చేతులు పూజలో ఉన్నాయి కాబట్టి వాడికి తల్లే తినిపించింది. పెద్దాయన రెండో దోసెడు బొరుగులు నోట్లో వేసుకుని, ఆకలికి కాస్త చిరాకుపడి, నా వరసనంతా చూసి, "ఈ అప్పడాల కర్రతో ఏం సదువు సదివినావే?" అన్నాడు.

ఎగతాళికే అడిగాడు. మంజుల నిజంగానే చెప్పింది. పిండి మీద కర్ర ఒక చుట్టు దొర్లితే ఎంత దూరం పోతుందో గీత పెట్టి చూసిందట. కర్ర అడ్డం కొలతకు అది మూడింతలు, ఇంకాస్త. దబర గిన్నెను దొర్లించి చూసినా అంతేనట, మూడింతలు, ఇంకాస్త.

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురూ చెప్పలా. రొట్టెలు చేసేటప్పుడు చూసినా."

లెక్కల మాస్టారు బొరుగులు నమలడం ఆపాడు. తర్వాత గరిటె గురించి అడిగాడు, నిచ్చెన గురించి అడిగాడు, నా గురించి అడిగాడు. ఏటి ఇసుక నున్నగా, కొండవంక ఇసుక మూలలు తేలి ఎందుకుంటుందో, దొర్లిన దూరాన్ని బట్టి రాయి ఎట్లా మారుతుందో ఆ పిల్ల చెప్తూ పోయింది. గడపలోకి నరసమ్మ కూడా వచ్చి నిలబడింది, మనవరాలిని పిలవడానికి వచ్చానని మర్చిపోయి. పొద్దు వాలింది. ఆదిశేషయ్య ముఖంలో నేను చూసింది గర్వమే, అబద్ధం చెప్పను.

"ఏమ్మా హేమావతీ, ఇంత తెలివైన పిల్లను ఇంట్లో పెట్టుకుంటావా?" అన్నాడు. ఆయన మంజుల వైపు తిరిగి, "ఇన్ని మాటలు దాచుకున్నావు గదే. నా బళ్ళో ఉన్నన్నాళ్లు ఒక్కటైనా నోరు తెరిచి చెప్పింటే, నేనే నిన్ను మొదటి బెంచీలో కూర్చోబెట్టింటా గదా. ఎందుకు చెప్పల్యా?" అన్నాడు.

మంజుల నా అంచుమీది కుంకుమ చెదరకుండా చూస్తూ చెప్పింది:

"రెండేండ్లు నీ బళ్ళో కూర్చున్నా పెద్దనాయనా. నన్ను ఎవురూ ఏమీ అడగలా."