గుడారములో కుంపటి

మార్గశిరమాసపు మంచు మన్యపు లోయలనెల్ల పాలవెల్లివలె ముంచివేయగా కాఫీతోటల నీడలలో పక్షులు సైతము గొంతు విప్ప వెనుదీయుచుండ సూర్యుడింకను కొండకొమ్మున కవ్వల దారి వెదకికొనుచుండిన ఆ ప్రాతఃకాలమున, ఘాటుదారి మలుపులలో ప్రాణాలకు తెగించి దిగిపోవుచున్న కారులో ఏడునెలల పసివాడు నాయనమ్మ యొడిలో వాడిన తమలపాకువలె వ్రేలాడుచుండెను.

"అమ్మా, ఊపిరుందా? చూసి చెప్పు!" అని కారు నడుపుచున్న సన్యాసిరావు వెనుదిరుగకయే అరచెను.

"ఉంది నాయనా. నువ్వు దారి చూసుకో."

ఉన్నదో లేదో నూకరత్నమ్మ కెరుక లేదు. శిశువు ముక్కుకడ పెట్టిన వ్రేళ్లకు తగులుచున్నది వాని యూపిరియో కిటికీసందున దూరు గాలియో ఆమె పోల్చుకొనజాలకుండెను. ప్రక్కన కోడలు హైమ తల పట్టుకొని వాంతులు చేసికొనుచు నడుమనడుమ బిడ్డపేరు పలికి సొమ్మసిల్లుచుండెను. ముందుసీటున దొయిమతి యను మన్యపు పడుచు ముడుచుకొని యుండెను. విహారమునకు వచ్చి గుడారములలో విడియువారికి పాలు పోసి బ్రదుకు నామెను సన్యాసిరావు రెక్క పట్టి యీడ్చి కారెక్కించెను.

"పాలల్లో ఏం కలిపావే? చెప్పకపోతే పోలీసులకి అప్పగిస్తాను."

"నానేటీ కలపలేదు బాబూ. ఆ పాలే మా పిల్లకీ పోసినాను. కావాలంటే మా ఊర్లో అడుగు."

ఆ మాట వినువారెవరు? దొయిమతి పోసిన పాలు తల్లియు బిడ్డయు మాత్రమే త్రాగిరి. ఆ యిరువురే పడిపోయిరి. నేరము నిరూపించుట కింతకన్న నేమి కావలెను?

కాని నూకరత్నమ్మ కంతయు తెలియును.

అనకాపల్లిలో నామె వీథియం దే బాలింతకు కాపు పెట్టవలసినను ఆమెకే కబురు వచ్చును. మంచము క్రింద బొగ్గుల కుంపటి పెట్టి పైన నింత సాంబ్రాణి చల్లి చంటిబిడ్డకు చలి సోకనీయక కాపాడుటలో నామెను మించినవారు లేరని ప్రతీతి. అయితే అవి పెంకుటిండ్లు. పెంకుల సందులే వానికి ముక్కుపుటములు. బిడ్డ పుట్టిన పిదప తొలిసారి సెలవు దొరకిన కొడుకు కొండమీద మూడుదినములు గుడారములలో నుందమనినప్పుడు, "చంటిపిల్లాడితో గుడారాలేట్రా? మనమేమన్నా సర్కసోళ్లమా?" అని యామె యెకసక్కెమాడెను. అతడు నవ్వి యామెనుగూడ వెంటబెట్టుకొని వచ్చెను.

నిన్నటి సంధ్యవేళ గుడారముల కాపరి, "నిప్పు బయటే ఉంచండి మామ్మగారూ. లోపలెడితే గాలి విషమైపోద్ది" అని చెప్పకపోలేదు.

"నలుగుర్ని కని పెంచాను. పిల్లల్ని పెంచడం నాకు చెబుతున్నావా?"

తల్లీబిడ్డలు కునుకుపట్టినంతనే యామె కణకణలాడు కుంపటిని వారి పాదములకడ పెట్టి, చలిగాలి చొరకుండ గుడారపు జిప్పును కొసదాక లాగి, వంగని మోకాళ్లతో నేలపై పడుకొనలేక కారుసీటున కొరిగెను. తన గురకకు పిల్లవాడు లేచునని సన్యాసిరావు వేరొక గుడారమున నిద్రించెను. తెల్లవారి జిప్పు తెరచిన నూకరత్నమ్మకు పొగ కానరాలేదు, వాసన తగులలేదు, పసివాని యేడుపును వినరాలేదు. అప్పుడామె చేసిన పని ఏ శాస్త్రమును క్షమింపనిది. ముందుగా కుంపటిని గొనిపోయి పొదలలో బోర్లించి మన్ను కప్పెను. పిమ్మటనే కేక వైచెను.

కొండ దిగువనున్న చిన్న యాసుపత్రిలో యువవైద్యుడు శిశువు కనురెప్పలెత్తి చూచి, గుండెపై స్టెతస్కోపు నానించి ఆలకించి ముఖము ముడిచెను.

"ఏం తాగాడు?"

"పాలు సార్. విషం కలిపింది. ఇదిగో, ఇదే!" అని సన్యాసిరావు దొయిమతిని ముందుకు త్రోసెను.

"విషమే అయితే పొట్ట కడగాలి. ఇంత పసివాడికి అదీ ప్రమాదమే. మీకు ఖాయమేనా? పాలు తప్ప ఇంకేం లేదు కదా?"

నర్సు సన్నని రబ్బరుగొట్టమును తెచ్చి నిలిచెను.

"మా అమ్మ దగ్గరుండి చూసింది సార్. నువ్వే చెప్పమ్మా, పాలు పోసింది ఇదే కదా?"

నూకరత్నమ్మ కొడుకును చూచెను. గోడ కానుకొని కూలబడిన కోడలిని చూచెను. నోరు విప్పినచో ఆ యింట ఏ పసికందును ఇక తన చేతి కీయరు. విప్పకున్న ఆ గొట్టము లేని విషమును వెదకుచు బిడ్డ గొంతులో దిగును. చెప్పినను వాడు దక్కునను నమ్మిక యామెకు లేదు. పెద్దరికము నిలుపుకొనుటకై దాచిన తప్పునకు పసిప్రాణమే పణమైనపుడు దానిని వెలిబుచ్చుటకు తగిన వేళ యనునది యుండదు. అది యెప్పుడును ఆలస్యమే.

"పాలు కాదు డాక్టరుగారూ. ఆ పిల్లనొగ్గీ నాయనా, దానికే పాపం తెలీదు. గుడారంలో బొగ్గుల కుంపటెట్టి తలుపు మూసేశారు."

"ఎవరు? ఎవరు పెట్టారు?"

"నేను. వీడి నాయనమ్మని. నూకరత్నాన్ని."