లావు చేపల గుడ్లు

మా ల్యాబులో నా పని చేపలకు మేత పెట్టడం. చిటికెన వేలంత చారల చేపలు. ఒక తొట్టికి చేపనూనె కలిపిన మేత, పక్క తొట్టికి పొద్దుతిరుగుడు నూనె కలిపిన మేత. నూనె పాళ్లు ఒకటే, రకమే వేరు. ఏ నూనెకు ఒంట్లో ఎంత కొవ్వు పేరుకుంటుంది, దాని వల్ల గుడ్లు తగ్గుతాయా అన్నది మా మేడమ్ ప్రశ్న. పొద్దుతిరుగుడు తొట్టివి పొట్టలేసుకుని గుండ్రంగా తయారయ్యాయి. అంతవరకూ బాగానే ఉంది. గుడ్లే లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు!

నాకెందుకంత ఉక్రోషమో చెబుతాను. నేనూ లావే. పెళ్లై ఐదేళ్లయినా కడుపు పండలేదు. మా అత్తగారు మంచావిడే గానీ, నా కంచంలో నూనె చుక్క కనిపిస్తే చాలు, ఒళ్లు తగ్గితేనే పిల్లలని డాక్టరు చెప్పిందంతా మళ్లీ మొదటి నుంచీ వినిపిస్తుంది. అలాంటి నాకు, శుక్రవారం మేడమ్ అందరి ముందూ చదవబోయే వ్యాసానికి శీర్షికగా "లావెక్కిన చేపలకు సంతానం లేదు" అని పెద్దక్షరాలతో టైపు చేసే పని పడింది. ఒళ్లు మండిపోయింది.

"మేడమ్, ఇంకొక్కసారి చూద్దామండీ."

"ఎన్నిసార్లు చూస్తావ్? నీకు ఆ చేపల మీద మమకారం ఎక్కువైపోయింది."

ఆవిడ అన్నది అబద్ధం కాదు. అవి గుడ్లు పెట్టాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. పరిశోధన చేసేవాళ్లు అలా కోరుకోకూడదు. అయినా కోరుకున్నాను, ఏం చెయ్యమంటారు?

గురువారం పొద్దున, చేపల గదిలో లైట్లు వెలగకముందే వెళ్లి స్టూలేసుకుని కూర్చున్నాను. వెలుతురు రాగానే ఈ చేపలు గుడ్లు పెడతాయి. అందుకే ముందురోజు సాయంత్రం ఆడా మగా జతను చిన్న డబ్బాలో వదులుతాం. దాని లోపల జల్లెడలాంటి అడుగు ఉంటుంది. గుడ్లు కన్నాల్లోంచి కిందికి జారిపోతాయి, చేపలు పైనే ఉండిపోతాయి. లావువాటికి మాత్రం డబ్బా ఇరుకవుతుందని మేడమ్ జాలిపడి వెడల్పాటి టబ్బు ఇప్పించింది.

లైట్లు వెలిగాయి. మగది ఆడదాని వెంటపడింది. ఇద్దరూ టబ్బంతా చుట్టబెట్టారు. ఆడది ఒక్కసారి వణికింది. దాని వెనకే చిన్న చిన్న చుక్కలు రాలాయి. గుడ్లు! నేను స్టూలు మీంచి లేచేలోపే ఆ తల్లి గిర్రున వెనక్కి తిరిగి గుటుక్కు గుటుక్కుమని మింగడం మొదలుపెట్టింది. మొగుడుగారూ ఓ చెయ్యి వేశాడు.

"అమ్మ దొంగా!" అని అరిచాను. ఐదు నిమిషాల్లో టబ్బు కడిగినట్టు ఖాళీ అయిపోయింది. టబ్బుకు జల్లెడ లేదు మరి! ఇన్నాళ్లూ ఆ సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఫోన్ చేస్తే మేడమ్ పరుగున వచ్చి, టబ్బులోకి చూసి, నెత్తి కొట్టుకుంది. "నేనిప్పించిన టబ్బేగా ఇది? నా జాలి తగలెయ్యా!"

ఆ సాయంత్రం టబ్బు అడుగున జల్లెడ బిగించాం. శుక్రవారం పొద్దున ఇద్దరం కలిసి ఆ జల్లెడ ఎత్తాం. అడుగున ఆవగింజంత గుడ్లు, గాజుపూసల్లా. మైక్రోస్కోపు కింద పెడితే చాలావాటిలో కణాలు అప్పుడే రెండుగా, నాలుగుగా విడిపోతున్నాయి. మేడమ్‌ను అమాంతం వాటేసుకున్నాను. ఆవిడ కళ్లజోడు వంకరపోయింది.

"సంబరం చాల్లే. పక్క తొట్టివి పెట్టేదాంట్లో సగమే పెట్టింది ఇది. ఉన్నదున్నట్టు రాయి," అంది, నవ్వు ఆపుకోలేక.

పెద్దక్షరాలు చెరిపేసి, ఉన్నదున్నట్టే రాశాను. తర్వాత అత్తగారికి ఫోన్ చేశాను.

"అత్తయ్యా, మా లావు చేప గుడ్లు పెట్టింది."

"నిజంగానా! ఎన్నే?"

"తక్కువేలెండి. ఓ ఎనభై దాకా."

అవతల ఆవిడ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"ఎనభై తక్కువేంటే పిచ్చిదానా? మనకి ఒక్కటి చాలు కదమ్మా."