ఎదురు కుర్చీ

మూల బల్లను తడిగుడ్డతో తుడిచి, ఎదురు కుర్చీని ఎప్పటిలాగే గోడకు ఆనించింది ఆమె. హాస్టల్ భోజనశాలలో ఒంటి కుర్చీ బల్ల అదొక్కటే. ఆ ఏర్పాటు ఆమెదే.

ఈ ఏడు కాలేజీ తెరిచి, హాలుకు కొత్త కుర్చీలు కొన్న రోజుల్లో ఒక పిల్ల కంచం పట్టుకుని, ఎక్కడ కూర్చోవాలో తెలియక నడిమధ్యన దిక్కులు చూస్తూ నిలబడింది. ఆమె ప్రాణం ఉసూరుమంది. కాపురానికి వెళ్ళిన ఇంట్లోనూ, భర్త పోయాక పనికి చేరిన ఈ వంటింట్లోనూ ఎవరి చూపూ తగలని మూల చూసుకుని నాలుగు మెతుకులు తిన్న మనిషి తను.

"ఇటు రామ్మా. ఇక్కడ నిన్నెవరూ కదిలించరు" అంది. ఆ పిల్ల ముఖం తేటపడింది. అది చూసి ఈమెకు కడుపు నిండింది. అప్పటినుంచి ఎవరైనా కంచంతో అటు వస్తుంటే, "అక్కడ తడిగా ఉందమ్మా" అని మెల్లగా చెప్పి దారి మళ్ళించేది.

"నీ మూగనోము పిల్ల ఇంకా రాలేదేం వదినా? కాపలా కాయవూ?" పప్పు కలుపుతూ అడిగాడు వంటాయన.

"నీ వాగుడు పడలేకే ఆ మూలన కూర్చుంటుంది."

ఇంతలో ఆ పిల్లే గుమ్మంలోకి వచ్చింది. చేతిలో పెట్టె, వెనకాల తండ్రి.

"వెళ్ళొస్తానక్కా. ఇంటి దగ్గర కాలేజీలో చేరుతున్నా."

"అదేంటమ్మా, ఇక్కడేం తక్కువైంది?"

"ఇక్కడ నాకెవరూ లేరక్కా. మొదట్లో ఆ ఎర్రకళ్ళద్దాల అమ్మాయి కంచం పట్టుకుని నా వైపే వచ్చేది. దగ్గరిదాకా వచ్చి వెనక్కి తిరిగిపోయేది. నేను నచ్చలేదేమో." నవ్వబోయి మానేసింది. "నాతో మాట్లాడింది మీరొక్కరే."

ఆ అమ్మాయిని తిప్పి పంపింది తనేనని చెప్పేద్దామని ఆమె నోరు తెరిచేసరికి, "బస్సు పోతుందమ్మా" అన్నాడు తండ్రి. చేతిలో తడిగుడ్డ నలుపుకుంటూ, "వేళకు తిను తల్లీ" అని మాత్రం అనగలిగింది.

మధ్యాహ్నం వడ్డనలో ఎర్రకళ్ళద్దాల అమ్మాయి కంచం చాపుతూ మూలకేసి చూసింది.

"ఆ అమ్మాయి ఇవాళ రాలేదా అక్కా?"

"వెళ్ళిపోయింది."

"అయ్యో. పేరైనా అడగలేదు."

అందరూ తిని వెళ్ళాక ఆమె గోడ దగ్గరి కుర్చీని తెచ్చి బల్లకు ఎదురుగా వేసింది. హాలులో మిగతా కుర్చీలన్నిటికీ కూర్చుని కూర్చుని రంగు మాసింది. దీని నీలం మాత్రం కొన్ననాటిలాగే నిగనిగలాడుతోంది.