బూట్ల కుట్లలో కారం

ఎడమ బూటు తాళ్ళు విప్పిన చేత్తోనే సాయిలక్ష్మి పెదవి తుడుచుకుంది. పెదవి అంచున మంట మొదలైంది. చెమట ఉప్పేమో అనుకుని నాలుకతో తడుపుకుంటే మంట నాలుకకూ పాకింది. అది ఏ మంటో ఆమెకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. పుట్టిన పదిహేడేళ్ళలో ఏటా ఎండాకాలం మొదట్లో ఆ మంటతోనే అన్నం తింది, ఆ మంటతోనే పడుకుంది.

బూటును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఎండు మిరపకాయ.

గుంటూరు పోటీల హాల్లో మైకు మోగింది. అమ్మాయిల యాభై రెండు కిలోల ఫైనల్ నలభై నిమిషాల్లో. పొదిలి దగ్గరి పల్లె నుంచి వచ్చిన సాయిలక్ష్మి, ఒంగోలు అమ్మాయి రెబ్కా. గెలిచిన పిల్ల ఒక్కతే అంతర్జాతీయ పోటీలకు వెళుతుంది. వచ్చే ఏడాదికి సాయిలక్ష్మికి పద్దెనిమిది దాటుతాయి. ఈ విభాగంలో ఆమెకు ఇదే ఆఖరి ఏడు.

ఆట పేరు సవాటే, ఫ్రాన్సులో పుట్టింది. చేతులకు గ్లౌజులు, కాళ్ళకు బూట్లు వేసుకుని ఆడతారు. బూటు లేకుండా రింగులోకి రానివ్వరు, ఎందుకంటే తన్నేది బూటుతోనే. మోకాలు తగలకూడదు, ముంగాలి ఎముక తగలకూడదు. వీళ్ళాడే అస్సో పద్ధతిలో గట్టిగా కొట్టినా తప్పే. పాదంతో తాకి రావాలి, అంతే. ఎన్నిసార్లు తాకారు, ఎంత ఒడుపుగా తాకారు అన్నదే లెక్క. బూటు అడుగు మెత్తగా, చదునుగా ఉండాలి. ఎక్కడా ఇనుము, గట్టి అంచు ఉండకూడదు.

ఆ మెత్తని అడుగే ఇప్పుడు కొంప ముంచింది.

సాయిలక్ష్మికి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పొద్దున సంచిలోంచి తీసినప్పుడు బూట్ల తాళ్ళు గోతం మూతి కట్టినట్టు బిగించి ఉన్నాయి. తను అలా కట్టదు. అమ్మ కడుతుంది. నాలుగు రోజులుగా అమ్మ మడమల పగుళ్ళకు గుడ్డ చుట్టుకోవడం లేదు. తగ్గాయా అని అడిగితే నవ్వి ఊరుకుంది. అన్నీ చూసింది తను. చూసి కూడా ఒకదాని పక్కన ఒకటి పెట్టుకోలేదు.

కోచ్ మొహిద్దీన్ బాషా సార్ ఫోను అడిగి ఇంటికి చేసింది. అవతల మిరపకాయలు ఎండేసిన కళ్ళంలో గాలి హోరు వినపడుతోంది. బూట్లు వేసుకున్నావా అని అడిగితే తల్లి బసవమ్మ దాచలేదు.

"కాయలు తిరగెయ్యాలి కదే. వట్టికాళ్ళతో దిగితే పగుళ్ళల్లో కారం దూరి ప్రాణం పోతాంది. చెప్పులేసుకుంటే కాయ చిట్లుద్ది. నీ బూట్లయితే మెత్తగా ఉండి ఒక్క కాయా చిట్లలా. తడిగుడ్డేసి తుడిచే పెట్టాను గదా. ఏం, చిరిగినయ్యా?"

"లేదమ్మా. బానే ఉన్నయ్యి."

ఫోను సార్‌కి తిరిగి ఇచ్చి, బూటు కూడా చేతికిచ్చింది. ఏం చెప్పాలో ఆమెకు రాదు. ఎవరితోనూ తనంతట తాను మాట మొదలుపెట్టిన పిల్ల కాదు. బాషా సార్ బూటు వాసన చూసి, కుట్టు మీద గోటితో గీరి, గోరు కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. బూట్లది ముదురు ఎరుపు కాబట్టి పైకి ఏమీ కనిపించదు. గోటి కింద మాత్రం ఎర్రటి పొడి సన్నగా చేరింది.

అప్పుడిద్దరికీ ఒకేసారి అర్థమైంది, పొద్దున సెమీఫైనల్లో చీరాల అమ్మాయి శ్రీరమ్య రెండో రౌండు నుంచి కళ్ళు ఎందుకు ఆర్పిందో. మొదటి రౌండులో చాకులా ఆడిన పిల్ల. తర్వాత గ్లౌజుతో కన్ను రుద్దుకుంటూ వెనక్కి వెనక్కి పోయింది. సాయిలక్ష్మి కాలు వెళ్ళి చెంప మీదా నుదుటి మీదా తాకుతుంటే ఆ అమ్మాయి అడ్డం కూడా పెట్టలేదు. ఎంత బాగా ఆడుతున్నానో అనుకుంది తను.

బాషా సార్ చెడ్డవాడు కాదు. ఐదేళ్ళుగా బడి వెనక సిమెంటు నేల మీద ఆమెకు కాలు ఎత్తడం నేర్పినవాడు. కానీ ఆయన ముఖంలో నెత్తురు లేదు. పొద్దున్నే అందరినీ నిలబెట్టి చదివిన నియమం ఆయనా విన్నాడు. గ్లౌజు మీద గానీ బూటు మీద గానీ ఎదుటివాళ్ళకు హాని చేసేది ఏది పూసినట్టు తేలినా ఆ ఆటగాళ్ళు పోటీలోంచి బయటికే. అది చదివినావిడ రాజేశ్వరి. యానాంలో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడి, అంతర్జాతీయ సమాఖ్య తరఫున పరిశీలకురాలిగా వచ్చింది. నడివయసు మనిషి, జుట్టు కురచగా కత్తిరించుకుని, మెడలో కార్డు వేసుకుని పొద్దుటి నుంచి కుర్చీలో వెనక్కి ఆనుకోలేదు. తెలుగు మాట్లాడుతుంది కానీ నవ్వదు.

సార్ గొంతు బాగా తగ్గించాడు. కావాలని పూసుకొచ్చిందంటారు, అమ్మ వేసుకుంది కళ్ళంలో అంటే ఎవరు నమ్ముతారు అన్నాడు. బడి పేరు పోతుందన్నాడు. వేరే బూట్లు తేవడానికి టైము లేదు. నాలుగో నంబరు పాదం ఇక్కడెవరికి ఉంది?

"కడుక్కో. తడిగా ఉన్నా పర్లేదు. రింగులో మొహం జోలికి పోబాక. తొడ మీదా పొట్ట మీదా తాకు చాలు, రెబ్కాని ఆ మాత్రంతోనే కొట్టగలవు నువ్వు. ఎవురూ అడగలా. అడిగినప్పుడు చూద్దాం."

సాయిలక్ష్మి బాత్‌రూములో కుళాయి కింద బూట్లు పెట్టింది. నీళ్ళు మొదట గోధుమరంగులో, ఆపైన పల్చటి ఎరుపులో పారాయి. ఎంత కడిగినా ఎరుపు ఆగలేదు. తడి తగిలేసరికి ఘాటు లేచి దగ్గొచ్చింది. పక్క కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్న చిన్నపిల్ల తుమ్మి, ఏంటక్కా ఇది అని పారిపోయింది.

బూట్లు చేత్తో పట్టుకుని నిలబడింది. సార్ చెప్పింది చేయగలదు. మెడ కిందనే ఆడి గెలవగలదు, తనకు ఆ నమ్మకం ఉంది. రెబ్కాకు ఏ మంటా తగలదు. తప్పు కూడా కాదేమో. ఇంకా ముప్పై నిమిషాలు ఉంది.

కానీ రెబ్కాతో ఆడబోయే ఆట వరకూ తనను తెచ్చిన ఆట ఇంకొకటి ఉంది. దాన్ని కుళాయి కింద పెట్టి కడగడం ఎట్లాగో తెలియలేదు.

తిరిగి వెళ్ళే దారిలో మందుల గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల శ్రీరమ్య బల్ల మీద కూర్చుని ఉంది. ఒక కన్ను మూసుకుపోయి, రెప్ప ఉబ్బి ఉంది. ఒళ్ళో చీరాల మగ్గం మీద నేసిన తెల్ల తువ్వాలు. పక్కన నిలబడ్డ వాళ్ళన్న చైతన్యకృష్ణ సీసాలో నీళ్ళు దోసిట్లో పోసుకుని ఆమె కంట్లో కొడుతూ తిడుతున్నాడు.

"చెమటకే కళ్ళు మూసుకునేదానివి రింగులోకెందుకే? మగ్గం కాడ కూకో. నాన్నకి సాయమన్నా అవుద్ది."

"కాలు కనపళ్ళేదురా అన్నాయ్. నిజంగా కనపళ్ళా."

"ఆ పిల్లకి కనపడిందిగా నీ మొహం."

అతను ఇంకో దోసెడు నీళ్ళు కొట్టాడు. శ్రీరమ్య అబ్బా అని వంగిపోయింది. సాయిలక్ష్మికి తెలియకుండానే మాట బయటికి వచ్చేసింది.

"నీళ్ళు కొట్టబాక. ఇంకా మండుద్ది. పాలల్లో గుడ్డ తడిపి కంటి మీద పెట్టు."

అన్నాచెల్లెళ్ళిద్దరూ తిరిగి చూశారు. 

"మండటమేంటి?" అన్నాడు చైతన్యకృష్ణ నెమ్మదిగా. "చెమటన్నారుగా డాక్టరు గారు. మంటని నీకెట్టా తెలుసు?"

తలుపు దగ్గర నుంచి తప్పుకుని పోవచ్చు. ఊరికే అన్నాను అనవచ్చు. సాయిలక్ష్మి చేతుల్లోని బూట్ల నుంచి నీటి చుక్కలు నేల మీద పడుతున్నాయి. అతని చూపు ఆ చుక్కల మీదికి దిగింది.

"నా బూట్లల్లో కారం ఉంది," అంది సాయిలక్ష్మి. "పొద్దున నాకు తెలవదు. ఇప్పుడే తెలిసింది."

చైతన్యకృష్ణ ఆమె మీదికి రెండడుగులు వేశాడు. శ్రీరమ్య అతని చొక్కా పట్టుకుని ఆపింది. అతను పూసుకొచ్చావా అని అరిచిన అరుపుకు వరండాలో జనం చేరారు. బాషా సార్ పరిగెత్తుకుంటూ వచ్చి, విషయం అర్థమై, గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

రాజేశ్వరి వచ్చింది. వరండాలో చేరిన జనాన్ని పంపేసి తలుపు వేయించింది. సాయిలక్ష్మిని ఏమీ అడగకుండా ముందు బూటు తీసుకుంది. శ్రీరమ్య ఒళ్ళోని తెల్ల తువ్వాలు అందుకుని, దాని అంచును వేలికి చుట్టి, బూటు కుట్ల వెంట గట్టిగా రాసింది. నాలుగుసార్లు కడిగిన బూటు. అయినా తెల్ల గుడ్డ మీద ఎర్రటి గీత పడింది. ఆ గీతకు చిటికెనవేలు అద్ది తన పెదవి మీద పెట్టుకుని కొంచెంసేపు ఆగింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కానీ ముఖం మారలేదు.

"చెప్పమ్మా," అంది.

సాయిలక్ష్మి చెప్పింది. మడమల పగుళ్ళు, చెప్పులకు చిట్లే కాయలు, మెత్తని అడుగు, గోతం ముడి. అన్ని మాటలు వరసగా మాట్లాడటం ఆమెకు అదే మొదలు. మధ్యలో ఎవరూ ఆపలేదు. సార్ కడుక్కోమన్న సంగతి మాత్రం చెప్పలేదు. ఆమె చెప్పకపోయేసరికి బాషా సార్ తనే ముందుకొచ్చి చెప్పాడు. పిల్ల వచ్చి నాకు చూపించిందండి, నేనే ఊరుకోమన్నాను అన్నాడు.

రాజేశ్వరి సంచిలోంచి నియమాల పుస్తకం తీసి ఓ పేజీ తెరిచి, మళ్ళీ మూసేసింది.

"ఇందులో నూనె అని రాసి ఉందండి. వాజలైన్ ఉంది. మిరపకాయ అన్న మాట లేదు," అంది సార్‌తో. తర్వాత సాయిలక్ష్మి వైపు తిరిగింది. "ఉన్నా లేకపోయినా ఒకటే. కావాలని చేశావా, తెలియక చేశావా అని అడగదు ఈ పుస్తకం. ఎదుటి అమ్మాయి కంటికి ఏం జరిగిందని అడుగుతుంది. నీ గెలుపు చెల్లదు. ఫైనల్‌కి శ్రీరమ్య వెళుతుంది. గంట ఆలస్యంగా పెడతాం, కన్ను తెరవగలిగితే ఆడుతుంది."

"అలాగేనండి," అంది సాయిలక్ష్మి.

"కావాలని చేసిందని నేను రాయను. తనే వచ్చి చెప్పిందని రాస్తాను. అంతకన్నా నేను చేయగలిగింది లేదు."

చైతన్యకృష్ణ అప్పటికే పాల కోసం టీ బడ్డీకి బయల్దేరాడు.

ఫైనల్‌ను సాయిలక్ష్మి వట్టికాళ్ళతో మెట్ల మీద కూర్చుని చూసింది. శ్రీరమ్య కన్ను సగమే తెరుచుకుంది. అటువైపు నుంచి వచ్చే కాలు ఆమెకు ఆలస్యంగా కనపడుతోంది. ఆ సంగతి రెబ్కా మొదటి రౌండులోనే కనిపెట్టి అటువైపు నుంచే తాకింది. మూడు రౌండ్లూ శ్రీరమ్య వెనక్కి తగ్గకుండా ఆడింది. రిఫరీ రెబ్కా చెయ్యి ఎత్తాడు. సాయిలక్ష్మి తల దించుకోలేదు. చూడాల్సిందంతా చూసింది.

బయట ఆటో కోసం నిలబడి ఉంటే శ్రీరమ్య వచ్చింది. మాట్లాడటానికి వచ్చినట్టు లేదు, కానీ ఆగింది.

"నువ్వు చెప్పకపోతే మావాడు జన్మంతా నన్ను చెమట అని దెప్పేవాడు," అంది. తర్వాత నేల చూస్తూ, "మొదటి రౌండులో నాకు కళ్ళు బానే ఉన్నయ్యి. అప్పుడు నాలుగు తాకావు. ఆ నాలుగూ నీయే," అంది.

సాయిలక్ష్మి ఏదో అనబోయేలోపు వాళ్ళన్న పిలిచాడు, ఆమె వెళ్ళిపోయింది.

ఇంటికి చేరేసరికి సాయంత్రం ఎండ కళ్ళం మీద ఏటవాలుగా పడుతోంది. బసవమ్మ కాయల మధ్య వట్టికాళ్ళతో నిలబడి ఉంది. కాళ్ళు ఈడుస్తూ చాళ్ళు తీస్తోంది, ఒక్కో అడుగుకూ పంటి బిగువున ఊపిరి పీలుస్తోంది. కూతురి ముఖం చూసి ఏమైందని అడిగింది. ఓడిపోయానని చెప్పింది సాయిలక్ష్మి. బూట్ల వల్లేనా అని రెండుసార్లు అడిగింది బసవమ్మ. రెండోసారి అవునని చెప్పక తప్పలేదు. బసవమ్మ కాయల మధ్యే కూలబడింది. సాయిలక్ష్మి బూట్లు సంచిలోంచి తీసి, అమ్మ పాదాలు దులిపి, తనే తొడిగి, తాళ్ళు కట్టింది.

"ఇక ఇయ్యి నీయే. కాయలమ్మినాక నేను వేరేయి కొనుక్కుంటా," అంది.

కాయలు అమ్మాక కొనుక్కుంది. కొత్తవి నల్లవి. ఇంట్లో ఎవరి చెయ్యీ అందని చోట, దూలానికి కట్టిన సంచిలో పెట్టింది.

మరుసటి ఏడు ఒంగోలులో పెద్దల విభాగం పోటీలకు వెళితే, రింగు పక్కన కుర్చీలో రిఫరీ ఒకాయన తడిపిన తెల్లగుడ్డ ముక్క పట్టుకుని కూర్చుని ఉన్నాడు. వచ్చిన ప్రతివాళ్ళ బూట్ల కుట్ల వెంటా రాసి, గుడ్డ చూసి పంపిస్తున్నాడు. గుంటూరు పోటీల తర్వాత పరిశీలకురాలు రాసిన రిపోర్టు వల్ల రాష్ట్రంలో ఈ పద్ధతి వచ్చిందట. వరస చాలా పొడుగ్గా ఉంది. వెనక ఉన్న అమ్మాయి విసుక్కుంటోంది.

"ఎవతో కారం బూట్లేసుకొచ్చిందంట. దాని మూలాన అందరికీ ఈ తిప్పలు."

సాయిలక్ష్మి వంతు వచ్చింది. కాలు ముందుకు చాపింది. రిఫరీ ఒక బూటు, తర్వాత రెండోది తుడిచాడు. గుడ్డ తిప్పి వెలుతురులో పెట్టి చూశాడు. తెల్లగానే ఉంది. వెళ్ళమని చెయ్యి ఊపాడు.

సాయిలక్ష్మి వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది.

"నేనే," అంది ఆ అమ్మాయితో. రింగు ఎక్కింది.