పీపాలో ఐదు పాయింట్లు

మధ్యాహ్నం పన్నెండున్నరకి, ఐవిన్ నా రొట్టె మీదికి మేక జున్ను పలచగా కోసి వేస్తున్నప్పుడు, నా ఫోన్ టింగుమంది. కింది గదిలో, బీరు పీపాలో తేలుతున్న గొట్టం పంపిన అంకె అది. 1075.

"ఐవిన్! తగ్గింది!"

"ఎంత?"

"ఐదు! పొద్దున ఎనభై ఉంది, ఇప్పుడు డెబ్బై ఐదు!"

అతను జున్ను కత్తి చేతిలో ఉండగానే నన్ను ఎత్తి గిర్రున తిప్పాడు. నా కాలు తగిలి పాల గిన్నె దొర్లింది. మాకు పెళ్లయి పదకొండు వారాలు. చలిమంట ఒక్క అగ్గిపుల్లకే అంటుకున్నా, ఉతికిన మేజోళ్లు జతకి జత సరిపోయినా ఇలాగే గిరగిరా తిరిగేవాళ్లం. కానీ ఇది అలాంటి చిన్న విషయం కాదు.

ఆ గొట్టం ఐవిన్ స్నేహితులు పెళ్లికి ఇచ్చిన కానుక. జానెడు పొడవు, లోపల బ్యాటరీ. బార్లీ పాకం తీయగా, చిక్కగా ఉన్నంతసేపు అది పక్కకి వాలి తేలుతుంది. ఈస్ట్ చక్కెరని తినేకొద్దీ పాకం పలచబడుతుంది, గొట్టం మెల్లగా నిటారుగా లేస్తుంది. ఎంత లేచిందో కొలిచి పావుగంటకోసారి ఫోన్‌కి అంకె పంపుతుంది; ఐదు పాయింట్లు మారితేనే టింగుమంటుంది. అంకె తగ్గిందంటే ఈస్ట్ బతికున్నట్టే.

ఆ ఈస్ట్ బతికుందో లేదో ఐవిన్ తండ్రి, మా మామయ్య తుర్గేర్‌కి తెలియాలి. వోస్ ఊరి చుట్టుపక్కల మా లోయల్లో ఏ ఇంటి ఈస్ట్ ఆ ఇంటిదే. బీరు అడుగున మిగిలిన మడ్డిలో చిన్న చెక్క ముక్కలు గుచ్చిన దండని ముంచి, ఆరబెట్టి, అటకమీద వేలాడదీసి, మళ్లీ బీరు కాచే రోజున దించుతారు. మామయ్య వాళ్ల ముత్తవ్వ కాలం నుంచి మా ఇంట్లో అది అలాగే నడిచింది. అత్తయ్య పోయాక ఆయన కాచడం మానేశారు. తొమ్మిదేళ్లు. దండ మాత్రం అటకమీద, పొగగొట్టం పక్కన, దుమ్ము పట్టి వేలాడుతూనే ఉంది.

గుండె ఆపరేషన్ అయ్యి ఆయన ఇంటికొచ్చి మూడు వారాలు. మెట్లు ఎక్కొద్దు, దిగొద్దు అన్నారు డాక్టర్లు. ఆయన ఇంకెన్నాళ్లుంటారని నేనడిగితే డాక్టరమ్మ జవాబు నాకు కాక ఐవిన్ ముఖం చూస్తూ చెప్పింది. మామయ్య అడిగింది ఒక్కటే. "మన ఈస్ట్‌తో ఒక్కసారి కాయండిరా. అది నాకంటే ముందు పోకుండా ఉంటే చాలు."

ముందురోజు జూనిపర్ అనే సూదాకుల చెట్టు కొమ్మలు వేసి నీళ్లు కాచాం, బార్లీ నానబెట్టాం, పాకం తీసి మరిగించాం. దండ మీది ఎండు పెచ్చులన్నీ గీకి వేశాం. వేసేటప్పుడు పీపాలోకి నోరు పెట్టి గట్టిగా అరవాలి, లేకపోతే ఈస్ట్ బద్ధకిస్తుందని మా వాళ్ల నమ్మకం. ఐవిన్, నేను అరిచాం. పైగదిలో మంచం మీదనుంచి మామయ్య కూడా అరిచారు. ఆ తర్వాత చాలాసేపు దగ్గారు.

రాత్రంతా అంకె కదల్లేదు. పొద్దున మామయ్యకి కాఫీ ఇస్తుంటే అసలు సంగతి బయటపడింది.

"ఎంత వెచ్చగా ఉన్నప్పుడు వేశార్రా?"

"ఇరవై డిగ్రీలు నాన్నా. పుస్తకంలో అంతే ఉంది."

"ఇరవయ్యా! నీ పుస్తకం తగలెయ్య. మంచులో ముంచి చంపుదామనుకున్నావా దాన్ని? అప్పుడే పితికిన పాలంత వెచ్చగా ఉండాలి. ఏం అమ్మాయ్, నువ్వు కాలేజీలో రసాయనాలు చదివావు కదా, నువ్వైనా చెప్పొద్దూ?"

ఎనిమిదింటికి పీపాకి కరెంటుతో వేడెక్కే పట్టీ చుట్టాం. మూత తీస్తే చలి దూరుతుందని ఎవరం మూత తీయలేదు. పన్నెండున్నరకి ఈ కబురు.

ఇద్దరం రెండేసి మెట్లు దూకుతూ పైకి పరిగెత్తాం. ఫోన్ చూపిస్తే మామయ్య కళ్లజోడు పెట్టుకున్నారు, తీశారు, మళ్లీ పెట్టుకున్నారు.

"ఈ అంకె తగ్గడం మంచిదేనా?"

"మంచిదే మామయ్యా! తింటోంది. లేచింది మీ ఈస్ట్!"

ఆయన తలగడ మీదికి వాలి కాసేపు పైకప్పు చూశారు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు.

"వాసన? నారింజ తొక్క గిల్లితే వచ్చే వాసన. వస్తోందా?"

నేను మూత తీయనే లేదు. కానీ ఆ ముఖం చూస్తూ ఇంకో మాట ఎలా అంటాను?

"గదంతా అదే వాసన మామయ్యా."

"ఆహా," అన్నారు. కళ్లు మూసుకున్నారు. "ఆహా. ఫోన్ ఇలా ఇవ్వు."

ఎవరికి చేస్తారో మాకు తెలియలేదు. నంబర్ ఆయనకి కంఠతా వచ్చు. అవతల ఎవరో హలో అన్నారు.

"ఓద్వార్? నేనే. తుర్గేర్‌ని. బతికే ఉన్నా. మాది లేచిందోయ్! తొమ్మిదేళ్ల తర్వాత. మీ ఇంట్లో ఉన్నది అరువు తెచ్చుకున్నది, మా ఇంట్లో ఉన్నది మా ముత్తవ్వది. అది చెబుదామనే చేశా." పెట్టేశారు.

ఐవిన్ నోరు తెరిచి నన్ను చూశాడు. ఓద్వార్ మా పొరుగు పొలం మనిషి. వాళ్లిద్దరూ మాట్లాడుకుని ఇరవై రెండేళ్లయిందట.

ఆ మధ్యాహ్నం మామయ్య చేపల సూప్ గిన్నెడు తాగారు. మేము కింద గిన్నెలు కడుగుతూ నురగ ఒకరి ముక్కుకి ఒకరు పూసుకున్నాం.

రెండింటికి 1075. మూడింటికి 1075. మా ఈస్ట్‌లు ఇలా సోమరిగా తినవు. లేచాయంటే రెండు రోజుల్లో పని ముగించేస్తాయి. మూడున్నరకి సూర్యుడు కొండ వెనక్కి పోయి, వంటింట్లో దీపం వెయ్యాల్సి వచ్చింది. నేను ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. పెద్ద అంకె కింద, బూడిదరంగు చిన్న అక్షరాల్లో, నేను పొద్దుటినుంచీ చూసీ చూడనట్టు వదిలేసిన ఇంకో అంకె ఉంది. పాకం వేడి. ముప్పై ఎనిమిది.

పొద్దున ఎనిమిదింటికి అది ఇరవై.

వేడెక్కితే ఏ ద్రవమైనా పలచబడుతుంది. ఇది మొదటి ఏడాది పాఠం. నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పాఠం. ఇరవై నుంచి ముప్పై ఎనిమిదికి వెళితే ఐదు పాయింట్లు పోతాయి, అందులో ఈస్ట్ ఉన్నా, లేకపోయినా. వేడిని లెక్కలోకి తీసుకోదని గొట్టం పెట్టె మీద రాసే ఉంది.

కిందికి వెళ్లి మూత తీశాను. నురగ లేదు. ఒక్క బుడగ లేదు. జూనిపర్ వాసన, ఉడికిన బార్లీ వాసన, అంతే. పెచ్చులు అడుగున మట్టిలా పడి ఉన్నాయి. గాజు జాడీతో కొంచెం పాకం తీసి, గుమ్మం బయట మంచులో గుచ్చి, చల్లారేదాకా అక్కడే నిలబడ్డాను. అల్మరాలో, పాకంలో తేలి చిక్కదనం చెప్పే మామయ్య పాత గాజు కొలత ఉంది. దాన్ని జాడీలో వదిలాను. కాసేపు ఊగి ఆగింది.

1080.

ఐవిన్ వెనకాల వచ్చి చూశాడు. పీపా అంచు మీద రెండు చేతులూ ఆనించి లోపలికి చూస్తూ ఉండిపోయాడు.

"దుకాణం ఈస్ట్ ప్యాకెట్ ఒకటి ఉంది," అన్నాడు చివరికి. "అది వేసేద్దాం. నాన్నకి తెలీదు. ఎలాగూ నాలుగు గుటకల కంటే తాగలేడు."

"నారింజ వాసన వస్తోందని చెప్పాను ఐవిన్."

"విన్నాను."

"ఆయన తాగి, ఇది మనదే అంటే, ఎదురుగా కూర్చుని అవునని నేను అనలేను. నావల్ల కాదు."

అతను నా నెత్తి మీద గడ్డం ఆనించాడు. వేడి పట్టీ ఆపేశాం.

మామయ్య మెలకువగానే ఉన్నారు. మా అడుగుల చప్పుడులోనే ఆయనకి తేడా తెలిసినట్టుంది.

"ఎంతకొచ్చింది?"

"రాలేదు మామయ్యా. అసలు తగ్గనే లేదు. పాకం వేడెక్కింది, అంతే. అది నేను చూసుకోలేదు. వాసన కూడా… నేను మూత తీయకుండానే చెప్పాను."

తిడతారనుకున్నాను.

"దండ పట్రా రా," అన్నారు ఐవిన్‌తో.

తెచ్చి ఇచ్చాడు. గీకి గీకి శుభ్రమైపోయిన చెక్క దండ. ఆయన గోటితో ఒక మూలనుంచి మిగిలిన చిన్న పెచ్చు లాగి నాలుక మీద వేసుకున్నారు. నమిలారు.

"మసి," అన్నారు. "పొగగొట్టం పక్కన పెట్టింది నేనే. ఏడాదికోసారి దించి వాడాల్సిన దాన్ని."

"ఎవరి దగ్గరైనా మనది ఉంటుందేమో మామయ్యా? ఇక్కడ అందరూ ఇచ్చిపుచ్చుకుంటారు కదా. ఎవరిదైనా పాడైతే…"

"ఇచ్చినవాళ్లకి ఉంటుంది, అమ్మాయ్."

ఐవిన్ నేల చూశాడు. అతనికీ తెలుసన్నమాట.

"ఇరవై రెండేళ్ల కిందట, క్రిస్మస్‌కి పది రోజుల ముందు, ఓద్వార్ వచ్చాడు. వాళ్ల ఈస్ట్ పులిసిపోయింది. ఖాళీ సీసా కోటు జేబులో పెట్టుకుని, సిగ్గుపడుతూ వచ్చాడు. ఆ ఏడు బీరు పోటీలో నా బీరుకే మొదటి బహుమతి. నాకే సరిపోదోయ్ అన్నాను. జాడీ నిండా ఉంది. మీ అత్తయ్య పక్కనే ఉంది. ఆ రాత్రి ఆవిడ నాతో మాట్లాడలేదు." దండని దుప్పటి మీద పెట్టారు. "అతను కొండ దాటి ఎవరినో అడిగి తెచ్చుకున్నాడు. ఆ రోజు ఆ సీసా నింపి ఉంటే, ఇవాళ మనది అక్కడ బతికుండేది."

కింద పాకం చల్లారుతోంది. ఈస్ట్ పడకపోతే అది ఇంకో రోజు ఆగదు, పాడవుతుంది.

"మధ్యాహ్నం ఫోన్ చేసి ఏమన్నానో విన్నారుగా," అన్నారు మామయ్య. నవ్వబోయారు, దగ్గొచ్చింది. నేను నీళ్లు అందించాను. తాగి, గ్లాసు తిరిగివ్వకుండా పట్టుకునే ఉన్నారు.

"నాన్నా, నేను వెళ్లి అడుగుతాను. వాళ్లది నాకివ్వరా ఏంటి?"

"నీకిస్తాడు. నువ్వు అడగకూడదు. నేనే అడగాలి."

"మెట్లు దిగొద్దన్నారు."

"నేను దిగుతానన్నానా? పెళ్లాన్ని పొద్దస్తమానం ఎత్తుకు తిప్పుతున్నావు, ముసలి తండ్రిని పదిహేను మెట్లు దించలేవా?" గ్లాసు నాకిచ్చారు. "అమ్మాయ్, ఒక సీసా మరగబెట్టి ఆరబెట్టు. ఖాళీది. పీపా మూత గట్టిగా బిగించండి. రేపు పొద్దున ఎనిమిదింటికి నన్ను ఓద్వార్ గుమ్మం ముందు దించండి. సీసా నేనే పట్టుకుంటాను."