కదలని ముల్లు

ఆ శుక్రవారం పొద్దున్న శేషగిరి బుర్ర పనిచేయడం మానేసింది. కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు, ఎంత చిక్కుపడ్డ ఫైలైనా విప్పగలడని పేరున్నవాడు. అలాంటివాడు ఢిల్లీ క్వార్టర్ బాల్కనీలో, గోడ నుంచి దింపిన గీజరు ముందు గొంతుక్కూర్చుని, దానికి తగిలించిన పంపు ప్రెషర్ గేజీలోని ముల్లును మిడిగుడ్లేసుకుని చూస్తున్నాడు.

కింద వాటా ఉమారాణి ఇంట్లో తలుపు దగ్గర సీలింగు తడుస్తోంది. పైన శేషగిరి వాళ్ల బాత్రూమ్ కూడా తలుపు పక్కనే. "మీ గీజరే కారుతోంది" అని తేల్చేసి, రెండు వారాలుగా ఆవిడ మాటలు మానేసింది. శేషగిరికి అదేమంత కష్టం కాదు గానీ అతని భార్య రేవతికి ప్రాణసంకటం. మొగుడు పొద్దున్న పోతే చీకటి పడ్డాక వస్తాడు. పిల్లలు తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తారు. ఈ ఊళ్లో ఆమె నోరారా మాట్లాడేది ఒక్క ఉమారాణితోనే. ఆ బెంగతో ఇంట్లో కూరల్లో ఉప్పు రెండుసార్లు పడుతోంది.

ప్లంబర్ అర్జున్ గీజరు నిండా నీళ్లు పట్టి, ఒక మూతి బిగించి, రెండో మూతికి చేతిపంపు తగిలించి కొట్టాడు. ఎక్కడైనా లీకుంటే ముల్లు పడిపోవాలి. పడలేదు.

"టంకీ ఏక్‌దమ్ ఠీక్ హై, సాబ్."

"ఫిర్ సే కరో, భయ్యా."

మళ్లీ కొట్టాడు. ముల్లు భీష్మించుకు కూర్చుంది.

అంతలో ఉమారాణి ఫోను. "అన్నయ్యగారూ, నెత్తిమీద చుక్కలు పడుతున్నాయండీ! ముందా గీజరు కట్టేయండి!"

"గీజరు గోడమీద లేదమ్మా. బాల్కనీలో ఉంది."

"మరి నా నెత్తిమీద పడేదేంటండీ?"

శేషగిరికీ అదే అర్థం కాలేదు. మెయిన్ వాల్వు కట్టేసి ఉంది. నీళ్లే లేని పైపులు ఎలా కారతాయి? ముల్లు అబద్ధమా, ఆవిడ నెత్తి అబద్ధమా? తనే వెళ్లి చూద్దామని పరుగెత్తబోయి గుమ్మంలో జర్రున జారాడు.

"మెల్లిగా! ఇప్పుడే గడప కడిగాను," అంది రేవతి. పక్కన ఖాళీ బకెట్టు, చేతిలో పసుపు గిన్నె.

ఈ క్వార్టర్లలో గుమ్మాలకు గడపలుండవు. గడప లేనిది ఇల్లెలా అవుతుందని రేవతి పోరితే, పోయిన నెలలోనే మేస్త్రీ చేత నేల కొట్టించి కర్ర గడప వేయించాడు. ఆ రోజు దానికి మొదటి బొట్టు పెట్టింది ఉమారాణే. ఇప్పుడు ఆ గడప పక్కన వేలెడు సందులోకి నీళ్లు హాయిగా దిగిపోతున్నాయి.

శేషగిరి వేలితో ఆ సందు చూపించాడు. రేవతి మొహం పాలిపోయింది. అప్పటికే ఉమారాణి, నెత్తిన తువ్వాలుతో, మెట్లెక్కి వచ్చి నిలబడింది.

"పీకించేయండి," అంది రేవతి ఆమెను చూసి. "ఉమ దాటి రాని గడప నాకెందుకండీ?"

బాల్కనీలోంచి అర్జున్ కేక వేశాడు: "సాబ్, ఏక్ బార్ ఔర్ కరూఁ?"

ఇంకోసారి కొట్టక్కర్లేదని శేషగిరి చెయ్యి ఊపాడు.

"చాల్లే, నేను బొట్టెట్టిన గడప పీకిస్తావా?" అంది ఉమారాణి. "ఆ సందు పూడ్పించుకో. అందాకా తడిగుడ్డతో తుడుచుకో."

చెప్పులు విడిచి, తడి గడపను తొక్కకుండా దాటి లోపలికి వచ్చింది.